ఛార్జ్ ఇచ్చిన రోజు

గుడి మీది జెండా ఒక్కసారిగా వాలిపోయింది. పదకొండు దాటింది అప్పటికి. ఉదయం నుంచి తూర్పుకి రెపరెపలాడుతున్న గుడ్డ కర్రకు అతుక్కుపోయింది. గాలి ఆగింది. నేను నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు అదే జెండా లేచి పడమటికి తిరిగింది. మా వంటవాడు ఆకాశం వైపు చూశాడు. బయట ఉన్న కిరోసిన్ డబ్బాలను ఒక్కొక్కటిగా లోపలికి మోయడం మొదలుపెట్టాడు.

ప్రమాదం అప్పుడు తెలిసింది నాకు. నా మనుషులు ముగ్గురు కింద లోయలో ఉన్నారు. వాళ్ళను పంపిన ఆర్డరు మీద సంతకం నాది.

అక్టోబరు చివర్లో సరిహద్దు కొండల మీది ఆ ఆర్మీ పోస్టుకి చేరాను. అప్పుడు మంచు లేదు. గోధుమరంగు రాళ్ళు, నీలం ఆకాశం, ఊపిరి ఆడని ఎత్తు. నాచారంలో పెరిగి, ఇంజనీరింగ్ చదివి, సిగ్నల్స్‌లో షార్ట్ సర్వీస్ తీసుకున్న లెఫ్టినెంటుని. కింద ఉన్న యూనిట్లకూ పైన ఉన్న పోస్టులకూ మధ్య మాట తెగకుండా చూడటం మా పని. రెండు రేకుల షెడ్లు, ఒక బంకరు, ఒక యాంటెన్నా. బంకరు వెనక నడుమెత్తు గుడి. లోపల అన్ని మతాల పటాలూ ఒకే పలక మీద. ముందు ఇత్తడి గంట.

పోస్టులో మాట అంతా హిందీ. హవల్దారు ఒక్కడే తెలుగువాడు, జనగామ వైపు మనిషి. సర్వీసు నాకంటే పదిహేనేళ్ళు ఎక్కువ. మొదటి రోజు నా బూట్లు చూసి, "మేడం, లేసులు గంత గట్టిగ కట్టకున్రి. కాళ్ళకు రక్తం పోవాలె గద" అన్నాడు. అన్నీ గట్టిగా కట్టడం నా స్వభావం. రాత్రి కాపలా మారాక కూడా లేచి వెళ్ళి చూసేదాన్ని. కాపలావాడు కొత్తవాడికి ఛార్జ్ ఇచ్చి వెళ్ళిపోయేవాడు. నేను మాత్రం ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు.

జనవరిలో కింది లోయలో టెలిఫోన్ కేబుల్ తెగింది. వాతావరణం తేటగా ఉందని ఉదయం ఆరింటికి లైన్ పార్టీని పంపాను. ఒక నాయక్, ఇద్దరు జవాన్లు. ఒక తాడు, కేబుల్ చుట్ట, రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు. చీకటి పడేలోగా పైకి రావాలి. ఆ చలిలో బయట రాత్రి గడిపి బతికినవాళ్ళు ఉన్నట్టు అక్కడ ఎవరికీ తెలియదు.

జెండా తిరిగిన అరగంటకు మంచు తుఫానులో ఎదుటి కొండ కనిపించలేదు. మరి కాసేపటికి మా యాంటెన్నా కూడా. రేడియో అందుకున్నాను.

"పార్టీ, ఎక్కడున్నారు? ఓవర్."

"కేబుల్ కలిపాం. పైకి వస్తున్నాం. ఓవర్."

మళ్ళీ పిలిచాను. ఎంత దూరం వచ్చారు? మళ్ళీ పిలిచాను. తాడు కట్టుకున్నారా? ఈసారి నాయక్ చెప్పాడు, స్పేర్ బ్యాటరీ ఉన్న సంచి జారి లోయలో పడిపోయిందని. నేను ఆగలేదు. నాలుగోసారి పిలిచినప్పుడు అతని గొంతు సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది.

హవల్దారు కిరోసిన్ బుఖారీ పొయ్యి ముందు చేతులు కాచుకుంటున్నాడు. లేచి వచ్చాడు.

"మేడం, పిలుసుడు ఆపున్రి."

"ఎలా ఉన్నారో తెలియాలి కదా?"

"మీకు తెల్వాలె. నిజమే. గని మీరు పిలిసినప్పుడల్లా ఆ పోరడు సెట్టును కోటులకెళ్ళి బయటికి తీయాలె. చలి తాకుతది. మాట్లాడితె బ్యాటరీని తింటది. ఆఖరికి వానికే అవసరం పడ్డనాడు ఏముంటది?"

"ఊరికే కూర్చోమంటారా?" అన్నాను.

"ఊకె గాదు. మీ చేతులున్నదంత చేసిన్రు. దారి జెప్పిన్రు, తాడిచ్చిన్రు. ఇగ ఛార్జ్ ఆయనకియ్యున్రి." గుడి ఉన్న వైపు గడ్డం ఎత్తి చూపాడు.

"పొద్దున్నే దండం పెట్టుకున్నాను."

"పెట్టిన్రు. నేను జూసిన. ఛార్జ్ ఇచ్చినమని చెప్పి తాళంచెవి జేబుల ఏసుకున్నరు. గది ఇచ్చుడేనా మేడం?"

సెట్టు దగ్గర కూర్చున్న ఆపరేటరుకి తెలుగు రాదు, అయినా నా ముఖం చూసి తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత నా చేతిలోని మైకు చూసుకున్నాను. అదే తాళంచెవి.

ఒక్కసారి మాత్రం పిలిచాను. "పార్టీ, ఇక నేను పిలవను. అవసరమైనప్పుడు మీరు పిలవండి. మేం వింటూనే ఉంటాం. అవుట్." మైకు ఆపరేటరు చేతిలో పెట్టాను. షెడ్డు నుంచి గుడికి కట్టి ఉన్న తాడు పట్టుకుని అక్కడిదాకా వెళ్ళాను. మంచు ముఖానికి ఇసుకలా కొడుతోంది. ఏ మంత్రమూ గుర్తు రాలేదు. డ్యూటీ అప్పగించినట్టే చెప్పాను: ముగ్గురు మనుషులు, స్వామీ. ఒక తాడు. ఒక బ్యాటరీ. ఛార్జ్ మీది. సెల్యూట్ చేసి వెనక్కి తిరిగాను.

భయం పోయిందని చెప్పను. కానీ చేతులు ఖాళీ అయ్యాయి, వాటికి వేరే పని దొరికింది. దుప్పట్లు బుఖారీ దగ్గర ఆరేశాను. వంటవాడితో కలిసి మంచు కరిగించి నీళ్ళు కాచాను. హవల్దారు టీ ఇచ్చాడు. ఆ రోజు మొదటిసారి దేని రుచైనా తెలిసింది. రేడియో మౌనంగా ఉంది. ఒంటిగంట. రెండు. మూడు. రెండుసార్లు నా కాళ్ళు సెట్టు వైపు నడిచాయి. రెండుసార్లూ దుప్పట్ల దగ్గరికి తిరిగి వచ్చాను.

నాలుగు దాటాక, వెలుతురు బూడిద రంగుకి తిరుగుతుండగా, సెట్టు గరగరలాడింది.

"పోస్టు కిందే ఉన్నాం. ఏమీ కనిపించట్లేదు. ఎడమ పక్క లోయ. ఘంటీ బజాయియే, మేడమ్. ఘంటీ..."

అక్కడితో బ్యాటరీ చచ్చిపోయింది. కానీ అడగవలసింది అడిగింది.

గంట నాలుక గడ్డకట్టి కదలడం లేదు. వంటవాడు ఇనుప గరిటె తెచ్చాడు. దాంతో కొట్టాను. మోచేయి లాగేదాకా కొట్టాను. తర్వాత హవల్దారు, తర్వాత ఆపరేటరు, మళ్ళీ నేను. ఆ తెల్లటి శూన్యంలోకి ఇత్తడి చప్పుడు పోతూనే ఉంది. చేతి తొడుగు చిరిగింది. లెక్క మరిచిపోయాను.

అప్పుడు తెలుపులోంచి ఒక నల్లని చుక్క వచ్చింది. దాని వెనక తాడు. తాడు వెనక ఇంకొకటి. ఇంకొకటి.

పోస్టంతా ఒకేసారి అరిచింది. వంటవాడు ఏడుస్తూ నవ్వుతున్నాడు. నేనింకా కొడుతూనే ఉన్నాను. హవల్దారు నా చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. "వచ్చిన్రు మేడం, ఇగ ఆపున్రి. దేవునికి గూడ చెవులుంటయ్."

ముందు నడిచిన నాయక్ ఒక చేయి గుండె మీద పెట్టుకుని వస్తున్నాడు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. దగ్గరికి వచ్చి కోటు లోపలి నుంచి బ్యాటరీ తీసి నా అరచేతిలో పెట్టాడు. ప్రాణం పోయిన బ్యాటరీ. అంత మంచులో అది వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాతా నా అరచేతికి ఆ వెచ్చదనం తెలుస్తూనే ఉంది.

మంచు కరిగింది. రాళ్ళ మధ్య పసుపు పూలు వచ్చాయి. ఆ పోస్టులో నా గడువు ముగిసింది. మే ఎండలో సికింద్రాబాద్‌లో దిగి ఉప్పల్ మీదుగా ఇంటికి వచ్చాను. తర్వాత పెళ్ళి, సైన్యం వదలడం, ఇద్దరు పిల్లలు, మా ఆయనకు పోచారంలో ఉద్యోగం. కాలం మారిన ప్రతిసారీ తాళంచెవి మళ్ళీ నా జేబులోకి వచ్చేది. ప్రతిసారీ మళ్ళీ ఇచ్చాను. ఒక్కసారి ఇస్తే సరిపోతుందని నాకెవరూ చెప్పలేదు. ఇచ్చిన ప్రతిసారీ మాత్రం ఆ దేవుడు నిలబడ్డాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా పాపకు తొమ్మిదేళ్ళు, బడివాళ్ళు రెండు రోజుల క్యాంపుకి తీసుకెళ్తున్నారు, అన్నోజిగూడ దాటాక ఎక్కడో. ఫోన్లు తేవద్దన్నారు. ఏదైనా అయితే టీచర్ ఫోన్ ఇస్తారట. నేను టీచర్‌కి అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాను. పక్క ఫ్లాట్ సూర్యాపేట అత్త తలుపు దగ్గర నిలబడి నవ్వింది. "ఏంది బిడ్డా, మిలిటరీల జేసినదానివి, బడి బస్సుకు గింత బుగులా?"

ఆమెకు జవాబుగా నిన్న రాత్రి ఇది రాయడం మొదలుపెట్టాను. మంచు దాకా వచ్చాక కలం పెట్టేసి హాల్లోకి వెళ్ళాను. పాప సంచిలో బట్టల అడుగున నేను దాచిన పాత ఫోను తీసేశాను. దేవుడి గూటి ముందు నిలబడి అప్పగించాను: ఒక పాప. ఒక స్వెటర్. ఒక నీళ్ళ సీసా.

పొద్దున బస్సు దగ్గర బాబు నా కొంగు పట్టుకుని, "అక్కకి ఎప్పుడు ఫోన్ చేస్తావమ్మా?" అన్నాడు. ఇద్దరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నేను చేయను నాన్నా. అక్కకు కావాలంటే అక్కే పిలుస్తుంది." పాప వైపు తిరిగాను. "ఏ టైమైనా సరే తల్లీ, నేను వింటూనే ఉంటాను. పిలవకపోయినా నిన్ను చూసుకునేవాడు నాకంటే పెద్దవాడు. ఇక వెళ్ళు, ఆడుకో."