ఫుకెట్‌లో పెండ్లి అంటే మానుకోటలో ఏమని వినబడింది

మా శ్రావణి పెండ్లి కుదిరింది, అదీ థాయిలాండ్ దేశంలో, ఫుకెట్ అనే ఊళ్లో, సముద్రం ఒడ్డున. ఏడో తరగతితో బడి మానేసి జనగామలో కిరాణా కొట్టు పెట్టుకున్న నాలాంటివాడి బిడ్డ, విమానం ఎక్కి వెళ్లి పెండ్లి చేసుకుంటుందని ఎవరైనా అనుకుంటారా. పిల్లా, కాబోయే అల్లుడూ హైదరాబాదులో ఒకే ఆఫీసు. వాళ్లే కూడబెట్టుకుని, వాళ్లే అన్నీ చూసుకుని, దగ్గరివాళ్లు నలభై మందితో చేసుకుంటామన్నారు. అది విన్నాక నాకు మాట ఆగలేదు. భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసే మా బామ్మర్ది సమ్మయ్యకు ఆ పూటే ఫోన్ చేసి చెప్పేశాను. రెండు రోజులకు మానుకోట నుంచి మా అక్క లచ్చమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, నేను పెండ్లికి రాను. నన్ను పిలువకు" అని పెట్టేసింది.

మా ఇండ్లల్లో పెండ్లి అంటే ముందు ఐరేని కుండలు. కుమ్మరి ఇంట్లో చేయించిన ఆ రంగుల కుండలను ఇంటి ఆడబిడ్డ నెత్తిన పెట్టుకుని తేవాలి. నాకున్నది ఒక్కతే అక్క. ఆమె రాకపోతే ఏ దేశంలో చేసినా నాకది పెండ్లిలా ఉండదు. అందుకే ఈ ప్రయాణం. విదేశంలో పెండ్లి పెట్టుకుని, ఇక్కడి పెద్దలను ఒప్పించే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని దారి కూడా రాస్తున్నాను.

జనగామ నుంచి మహబూబాబాద్‌కు, అదే మా మానుకోటకు, రైలు ప్రయాణమే సుఖం. పొద్దున విజయవాడ వైపు వెళ్లే బండి ఎక్కితే కాజీపేట, వరంగల్లు మీదుగా రెండు గంటల్లో దించుతుంది. జనరల్ టికెట్ మనిషికి వంద లోపే. నేనూ, నా భార్య భారతమ్మా వెళ్లేసరికి అక్క అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏం తమ్మీ, టికెట్ కొన్నవా, అది కూడ ఫుకట్‌లనే వచ్చినవా?"

భారతమ్మ బిత్తరపోయింది. "అవేం మాటలు వదినె?"

"మాటలు నాయి కావు, నీ తమ్ముడు సమ్మయ్యయి. పెండ్లి ఫుకట్‌ల చేస్తున్నరట. ఒక్కగానొక్క ఆడపిల్ల. పందిరి లేదు, బంతి లేదు, చుట్టాలకు బుక్కెడు బువ్వ లేదు. తమ్మీ, మన బాపు ఉంటే ఇట్ల చేస్తువా?"

నేను ఊరి పేరు చెబితే బామ్మర్దికి పైసా ఖర్చు లేని పెండ్లి అని వినబడిందన్నమాట. "అక్కా, ఫుకట్ కాదు, ఫుకెట్. అది ఊరు" అన్నాను.

"ఊరికి ఎవడన్న ఫుకట్ అని పేరు పెట్టుకుంటడా? నన్ను ఎడ్డిదాన్ని చెయ్యకు."

"ఆ దేశపోళ్లు పెట్టుకున్నరు, నన్నేం జెయ్యమంటవు."

"అయితే పా, సమ్మయ్య తానకే పోదాం. ఎదురుంగనే తేలాలె" అని చెప్పులు వేసుకుంది.

మానుకోట నుంచి రైల్లో వెనక్కి వరంగల్లు వచ్చి, ఆటోలో హన్మకొండ బస్టాండు చేరుకుంటే, పరకాల మీదుగా భూపాలపల్లికి బస్సులు దొరుకుతూనే ఉంటాయి. రెండు గంటలు పడుతుంది, ఛార్జీ వందకు కాస్త పైన. మా దగ్గర బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం కదా, కండక్టరు వాళ్ల ఆధార్ కార్డులు చూసి, "అవ్వలిద్దరికి జీరో టికెట్. పెద్దాయనా, పైసలిచ్చేది నువ్వొక్కనివే" అన్నాడు. అక్క కిటికీలోంచి చూస్తూ, "బస్సు ఫుకట్ అంటే మంచిగనే ఉంటది. పెండ్లి ఫుకట్ అంటేనే పానం ఒప్పుతలేదు" అంది.

సమ్మయ్య అప్పుడే డ్యూటీ దిగి స్నానం చేసినట్టున్నాడు, తల ఇంకా తడిగానే ఉంది. నన్ను చూడగానే వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. "బావా, నువ్వేం ఫికర్ చెయ్యకు. అంత నేను చూసుకున్న."

"ఏం చూసుకున్నవురా?"

"ఈడ ఫంక్షన్ హాలు మాట్లాడిన. మూడు వందల మందికి వంట చెప్పిన. నీ తాన పైసలు లేవని నోరు తెరిచి చెప్పలేక ఫుకట్‌ల కానిస్తున్నవనుకున్న. మేనమామను నేనుండంగ నా కోడలు పెండ్లి అట్ల కానిస్తనా?"

వాడి మీద కోపంతో ఇంతదూరం వచ్చాను, వాడేమో నా పరువు కాపాడాలని హాలు మాట్లాడి కూర్చున్నాడు. భారతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అక్క నేల చూస్తూ, "వీడు హాలు మాట్లాడిండు. నేను ఫోన్ పెట్టేసిన" అని తనలో తను అనుకున్నట్టు అంది.

అప్పుడు శ్రావణికి వీడియో కాల్ చేశాను. సంగతి విని పిల్ల నవ్వు ఆపుకోలేక, ముందు సముద్రం ఫోటో పంపింది. అక్క ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిదంత ఇసుకేనా? తలంబ్రాలు కింద పడితే ఎట్ల ఏరుతవు బిడ్డా?"

"ఏరేది వద్దు అత్తమ్మా. నువ్వొస్తే చాలు."

"నేను రాకుంటే ఎట్లయితదే. కుండలు జనగామల ఎత్తుత, ఆ ఇమానం తర్వాత ఎక్కుత." ఆ తర్వాత సమ్మయ్య వైపు తిరిగింది. "నువ్వు హాలు వద్దనకు. తిరిగొచ్చినంక దావత్ ఈడనే."

ఆ రాత్రి సమ్మయ్య ఇంట్లోనే తిని పడుకున్నాం. నా దగ్గర డబ్బు లేదనుకున్నప్పుడు నా వాళ్లు ఏం చేస్తారో ఈ వయసులో నాకు తెలిసింది. పిల్ల పెండ్లి కుదిరిన సంతోషం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. తట్టుకోవడం కష్టంగానే ఉంది. మీరు కూడా ఇలాంటి పెండ్లి పెట్టుకుంటే ఒక్కటే చెబుతాను, హోటలు మాట్లాడుకోకముందే పెద్దవాళ్ల పాస్‌పోర్టులకు దరఖాస్తు పెట్టండి. మా అక్కకు లేదు. పుట్టిన తేదీ రుజువు కోసం ఇప్పుడు తిరుగుతున్నాం.

ఇక ఫుకట్ అన్న మాట విన్నవాళ్లందరికీ నేను ఈ రోజే అసలు సంగతి చెప్పాలి.

దంతాలపల్లి చిన్నమ్మ, పసుపు కొట్టించడం మొదలుపెట్టిందట.
రఘునాథపల్లి మేనల్లుడు, టెంటూ కుర్చీలూ నావే అన్నాడట.
పరకాల పెద్దబాపు కొడుకు, రెండు గొర్రెలను పక్కకు కట్టేశాడట.
అందరికంటే ముందు దేవరుప్పుల సడ్డకుడు, ఎందుకంటే అతని బియ్యం బస్తాలు పొద్దున్నే ట్రాలీ ఆటోలో మా ఇంటికి బయలుదేరాయి.