పదమూడో నెలలో పుట్టిన పిల్ల

కాళ్ళు రెండూ నిక్షేపంగా ఉండి వీల్‌చైర్ ఎక్కిన ఘనుణ్ణి నేను. దారి తప్పుతామన్న భయంతో అమెరికా వచ్చే మన పెద్దాళ్ళందరూ చేసే పనే. ఫీనిక్స్ ఎయిర్‌పోర్టులో నా కుర్చీ తోసినావిడ ఆల్మాజ్, ఇథియోపియా మనిషి. నా చేతిలోని పాస్‌పోర్టు చూసి నవ్వింది.

"హ్యాపీ బర్త్‌డే, సర్! జూలై ఫస్ట్, ఇవాళే కదా?"

"అది బడివాళ్ళు ఇచ్చిన పుట్టినరోజమ్మా. అసలుది ఏ మార్గశిరంలోనో!"

ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేశాను. తారీఖు తెలియని ప్రతి పిల్లకీ జూలై ఒకటి రాసి పారేశాను. ఆ మాటే చెబుతుంటే కుర్చీ ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆమె ఏడుస్తోంది.

చాండ్లర్‌లో మా అమ్మాయి పద్మ ఇంటికి రెండు వీధుల అవతలే ఆల్మాజ్ ఉండేది. ఆదివారం తన ఇంటికి పిలిచి, కాఫీ కాస్తూ ఆనాటి ఏడుపుకి కారణం చెప్పింది. యుద్ధానికి భయపడి ఊరొదిలి పారిపోయి, కూతురు హివోత్‌ని సూడాన్ శిబిరంలో అక్కకి అప్పగించి, తను సరిహద్దులు దాటి ఇక్కడ శరణు పొందిందట. శిబిరంలో గుమాస్తా పిల్ల పుట్టిన ఏడు అడిగితే 2001 అంది. వాళ్ళ పంచాంగం ఇంగ్లీషు కేలెండరుకి ఏడెనిమిదేళ్ళు వెనక. అతను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. పదిహేనేళ్ళ పిల్లకి కాగితం మీద ఇరవై మూడు! ఇరవై ఒకటి దాటి పెద్దదైపోయింది, తల్లి దగ్గరికి రానివ్వం పొమ్మన్నారు అమెరికావాళ్ళు.

వాళ్ళకి నెలలు పదమూడట. ఆఖరుది అయిదే రోజులు. ఆ రోజుల్లో కురిసే వాన పవిత్రమని అందరూ తడుస్తారట. హివోత్ అలాంటి వానలో పుట్టింది. మన అధికమాసంలాంటిదే కదా! ఆ మధ్యాహ్నం కునుకులో, నా బడి వరండాలో ఒక నల్లటి పిల్ల తడిసి నిలబడి కనిపించింది. రిజిస్టరులో దాని పేరు ఎంత వెతికినా దొరకలేదు.

లేచి, పిల్ల అసలు వయసు తేలేలా వాళ్ళ పంచాంగానికీ ఇంగ్లీషుదానికీ పట్టిక వేసి, ఇమిగ్రేషన్ వాళ్ళకి ఉత్తరం మొదలుపెట్టాను.

"నాన్నా, మన గ్రీన్‌కార్డే పెండింగ్‌లో ఉంది. గవర్నమెంట్‌కి లెటర్స్ రాయకు ప్లీజ్!" అంది పద్మ.

"రాస్తే ఏం చేస్తారే, గోడకుర్చీ వేయిస్తారా?"

ఆల్మాజ్ లాయరు ద్వారా పంపించాం. మరుసటి సెప్టెంబరులో నేను మళ్ళీ చాండ్లర్‌లో ఉండగా జవాబొచ్చింది. వయసు సరిదిద్దారు. పదహారు. కానీ ఇథియోపియాలాంటి దేశాలవాళ్ళని అమెరికాలోకి రానివ్వడం ప్రస్తుతానికి ఆపేశారట. ఎన్నాళ్ళో రాయలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆ సాయంత్రమే, వాళ్ళ పదమూడో నెలలో, ఎడారి మీద వాన దిగింది. ఆల్మాజ్ పెరట్లో తడుస్తోంది. ఫోన్‌లో హివోత్. అక్కడ ఎండేనట, చినుకుల చప్పుడు వినిపించమందట. తల్లి ఫోన్‌ని వానలోకి చాచి పట్టుకుంది.

"మాస్టారూ," అంది, పద్మ నేర్పిన పిలుపుతో. "ఏజ్ కరెక్ట్ అయింది కదా. మరి ఎప్పుడొస్తుంది? డేట్ చెప్పండి, దానికి చెప్తాను."

మండలం పిల్లలందరికీ తారీఖులు పంచినవాణ్ణి. ఆ ఒక్క తారీఖు నా దగ్గర లేదు. చెప్పులు వదిలి నేనూ వానలోకి దిగాను.