రెక్క మీద మిగిలిన చెయ్యి

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత మిలిటరీ విమానాల ఫొటోలు కొని, విమానం ఒక్కటే కనబడేలా మనుషుల్ని కత్తిరించి, వెనక దాని పేరు రాసిపెట్టడం అప్పట్లో నా పిచ్చి.

నాంపల్లి స్టేషన్లో పేరు తెలియని ఒక విమానం ఫొటో చూస్తుంటే, పక్కనున్న పెద్దాయన తొంగిచూశాడు.

"టైగర్ మాత్. దీని రెక్కలకు రేకు కాదు, గుడ్డే. గా గుడ్డ కుట్టేటోన్ని. రెక్కకు ఇటు నేను, అటు నా జోడీదారు. నేను సూది దూరిస్తే, వాడందుకొని మళ్ల ఇటు దూర్చేటోడు. లడాయి అయినంక వాడు మళ్ల కనబడలే."

ఫొటో అంచున, రెక్క మీద ఒక చెయ్యి మిగిలి ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టాడు.

"గీ మనిషేడి?"

"కత్తిరించేశానండి."

బండి వచ్చేదాకా ఆయన ఆ చేతి మీద నుంచి వేలు తియ్యలేదు.

వెనక విమానం పేరు రాశాను. చెయ్యి ఎవరిదో రాయడానికి దాని కింద వదిలిన చోటు ఇప్పటికీ ఖాళీ.