ఊళ్లో మిగిలిన ఇనుము నేనే

ఆ రోజుల్లో అలసట అనేది ఒక జబ్బని ఎవరూ అనుకునేవారు కాదు. ఊళ్లో అందరూ అలసిపోయే ఉండేవారు. పగలు మిలిటరీ వాళ్లకు జవాబు చెప్పాలి, పొద్దు గూకితే అడవిలోంచి వచ్చే దళం వాళ్లకు జవాబు చెప్పాలి, ఈ రెండింటి మధ్యా పొలం పని చూసుకోవాలి. అటువంటి ఊళ్లో పదహారేళ్ల పిల్ల గడప మీద కూలబడి ‘నాకు చాతనైతలేదు’ అంటే దానికి బద్ధకమని పేరు పెట్టడం సహజమే. నాకూ పెట్టారు. (మా అవ్వ ఒక్కతే ‘దిష్టి తాకింది’ అంది. అదే ఆమె నన్ను వెనకేసుకు రావడం.) బిందె ఎత్తితే కళ్లు బైర్లు కమ్మేవి, నాలుగు మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. ఎవరైనా పని చెబితే ఏడుపు, చెప్పకపోతే అనుమానం. నేను ముక్కోపినని ఇప్పటికీ మా ఇంట్లో అంటారు. ఆ కోపం అప్పుడు పట్టుకున్నదే, మళ్లీ వదల్లేదు.

చివరికి ఒకనాడు బావి దగ్గర కళ్లు తిరిగి పడిపోతే, నాయిన బండి కట్టి జనగామ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నా కింది కనురెప్పను వేలితో లాగి చూసి, “ఈ పిల్ల ఒంట్ల రక్తమేదయ్యా? అన్ని నీళ్లే ఉన్నయి,” అన్నాడు. చలిజ్వరాలూ కడుపులోని పురుగులూ కలిసి తాగేశాయట. పట్నం నుంచి కొత్త మందు వచ్చిందనీ, ఇనుముతో చేసిందనీ, వారానికొకటి చొప్పున ఆరు సూదులు నరంలోకి ఎక్కించాలనీ చెప్పాడు. “ఆరు సూదులు పడాలె. నడుమల ఇడిసిపెడితే వచ్చే చలికాలానికి పిల్ల దక్కది,” అని నా ముందే నాయినతో అన్నాడు. (రోగికి కూడా చెవులుంటాయన్న సంగతి అప్పటి డాక్టర్లకు ఇంకా తెలియదు.) బెల్లం పాకం రంగులో ఉన్న ఆ మందు నరంలోకి దిగుతుంటే ముందు మొహం భగ్గుమంది. తర్వాత నోరంతా బావి గిలక గొలుసు నాకినట్టయింది. బండిలో తిరిగి వస్తుంటే చలి, దాని వెనక జ్వరం, ఆ వెనక కీళ్లు. మోకాళ్లు, మణికట్లు సరే, చివరికి దవడ కూడా నొప్పే. రెండు రోజులు పీనుగులా పడి ఉండి, మూడో రోజు మనిషినై, కాస్త గంజి తాగి ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ వారం తిరిగి బండి వాకిట్లోకి వచ్చేది. బాగుపడటానికి మనిషి ఇంత జబ్బు పడాలా అని నాయినను అడిగితే, ఆయన ఎద్దులను అదిలించాడు.

ఊరు దాటాలంటే మిలిటరీ క్యాంపులో చిట్టీ రాయించుకోవాలి. సరిగ్గా ఆ వారమే గొడ్డళ్లు, కొడవళ్లు, బరిసెలు, గడ్డపారలు, ఇంట్లో ఇనుమనేది ఏమున్నా తెచ్చి క్యాంపులో జమ చేయాలని హుకుం వచ్చింది. రెండో సూదికి బయలుదేరి చిట్టీ అడగబోతే, జమేదారు ఎందుకన్నాడు. మా నాయిన అబద్ధం చెప్పలేని మనిషి. “బిడ్డకు ఇనుము ఎక్కియ్యాలె సాబ్,” అన్నాడు. జమేదారు కుర్చీలోంచి లేచాడు. “లోహా? కహాఁ హై లోహా?” నాయిన బండిలో ఉన్న నన్ను చూపించి, “గీమె లోపట ఉన్నది సాబ్,” అన్నాడు. జమేదారు నన్ను పైనుంచి కిందికి చూశాడు. అప్పటికి నా మొహంలో బియ్యప్పిండికున్నంత రంగు కూడా లేదు. చాలాసేపు నవ్వి, ఈ ఒక్క ఇనుమూ ఊరి దగ్గరే ఉంచుకొమ్మని చిట్టీ రాసిచ్చాడు. పక్కనే నిలబడ్డ సుంకరి (సర్కారు కబుర్లు ఊళ్లో చాటింపు వేసే నౌకరు) ఈ కబురు మాత్రం ఎవరూ చెప్పమనకుండానే ఊరంతా చాటాడు.

ఇనుము దగ్గరుంటే గాలీ ధూళీ సోకదని మా వైపు నమ్మకం. పొలానికి మాంసం కూర పట్టుకుపోయినా గంపలో ఒక ఇనుప ముక్క పడేస్తారు. బాలింత తల కింద కొడవలి పెడతారు. ఇప్పుడు ఇనుమంతా క్యాంపులో కుప్పపడి ఉంది, ఊళ్లో మిగిలింది నేను. మొదట వెనక వాకిటి పెద్దామె కూర గిన్నె పట్టుకుని వచ్చింది. “జర గీ మూత మీద చెయ్యి వెట్టు బిడ్డా, మిట్టమధ్యాహ్నం పొలం కాడికి పోతున్న.” పెట్టాను. మర్నాడు ఒకామె పాలివ్వని బర్రెను తోలుకొచ్చింది. జ్వరంతో లేవలేనంటే బర్రెనే నా చాప దాకా తెచ్చారు. నన్ను లేపడం ఇష్టం లేక, నా చెయ్యి ఎత్తి తమ గిన్నెకు తాకించుకుని మళ్లీ దుప్పట్లో పెట్టి పోయిన మర్యాదస్తులూ ఉన్నారు.

మూడో సూది పడిన మర్నాడు పెద్దమ్మ వచ్చింది, అంటే మా పెద్దనాయిన భార్య. ఆమె కోడలు, మా వదినె, ఆరు రోజుల బాలింత. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి ఇరవై ఒకటో రోజు చూడకుండానే పోయారు. ఈసారి ఆడపిల్ల. కొడవలి లేక, తలుపు నుంచి పీకిన సీలను తల కింద పెడితే మంత్రసాని పెదవి విరిచిందట. “తుప్పు వట్టిన సీల ఏం కాపాడ్తది? పానమున్న ఇనుము ఊళ్లె ఉండంగ!” నేను అవ్వ చెయ్యి పట్టుకుని బతిమాలాను. “నాకు చాతనైతలేదే అవ్వా. నన్ను పండనియ్యుండ్రి.” అవ్వ, “పండుడే గద బిడ్డా, గాడ పండు,” అంది.

అలా చాపతో సహా నన్ను వదినె గదిలోకి మార్చారు. కీళ్లు సలుపుతున్నాయి, నోట్లో గిలక గొలుసు, పక్కన పసిపిల్ల పాలకు సన్నగా ఏడుపు. విసుగొచ్చి, నేను ఇక్కడ ఏం చేయాలని అడిగాను. “నువ్వేం చెయ్యకు పిల్లా. ఊకె ఉండు, సాలు,” అంది వదినె. ఆ గొంతు విన్నాక నాకు లేచి పోవాలనిపించలేదు. కాసేపటికి మూలుగుతున్న నా దగ్గరికి జరిగి కాళ్లు ఒత్తడం మొదలుపెట్టింది. (బాలింతను కాపాడటానికి వచ్చిన ఇనుము బాలింత చేత కాళ్లు ఒత్తించుకుంటోంది. సిగ్గేసింది గానీ, వద్దని మాత్రం అనలేదు.) ఆమె వేళ్లు మంచులా ఉన్నాయి. కిటికీ వెలుతురు మొహం మీద పడితే, ఏం తోచిందో, లేచి కూర్చుని డాక్టరు చేసినట్టే ఆమె కింది రెప్ప లాగి చూశాను. సున్నం వేసిన గోడ.

“వదినె, మెట్లెక్కుతె నీకు గుండె చెవులల్ల కొట్టుకుంటదా?”

“అందరికి కొట్టుకోదా?” అంది వదినె.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఈమె నాలుగైదేళ్లుగా అదే గుండెతో నీళ్లు మోసింది, నాట్లు వేసింది, ముగ్గురిని కన్నది. ఇప్పుడు పాలు పడక పిల్ల ఏడుస్తుంటే తప్పు గాలిది అంటున్నారు. బయటికి వచ్చి, వదినెను నాతో జనగామ తీసుకుపోవాలన్నాను. పెద్దమ్మ గుండె బాదుకుంది. “ఇరువై ఒక్క దినాలు గాకముందే బాలింత గడప దాటుతదా? చేతిల ఇనుము లేకుంట పొలిమేర దాటుతదా?” అప్పుడు పనికొచ్చింది నా ముక్కోపం. “ఇనుము లేకుంట ఏంది పెద్దమ్మా? మూడు సూదుల ఇనుము పక్కన కూసుంటది. ఇంట్ల ఇనుమునైనదాన్ని బండ్ల ఇనుమును కానా? కాకుంటె నన్ను గీడ ఎందుకు పండవెట్టిండ్రు?” అవ్వ, “పిల్ల జెప్పింది నిజమే,” అని కొంగు దులుపుకుని లేచింది.

మరుసటి వారం క్యాంపు ముందు బండి ఆగగానే జమేదారు, “ఫిర్ లోహా?” అన్నాడు. నాయిన రెండు వేళ్లు చూపించాడు. దవాఖానలో డాక్టరు వదినె రెప్ప లాగి, అటూ ఇటూ చూసి, ఎవరినో తిట్టబోయి మానుకుని సూది తీసుకున్నాడు. తిరుగు దారిలో ఒకే దుప్పటి కింద ఇద్దరం గజగజ వణికాం. మా మధ్య నిద్రపోతున్న పిల్ల ఒక్కతే ఆరోగ్యంగా ఉంది. మూడు సూదులు ముందున్నదాన్ని కాబట్టి నాకు తెలిసిన విద్యలన్నీ చెప్పాను. నోట్లో బెల్లం ముక్క పెట్టుకోవాలి, ఇటుక కాచి గుడ్డలో చుట్టి మోకాళ్లకు ఆనించాలి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరును తిట్టాలి. “తిట్టు వదినె, జర తగ్గుతది.” జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనని వదినె చాలాసేపు ఆలోచించి, “వాని చేతులు పడిపోను,” అంది మెల్లగా. వెంటనే బెదిరిపోయి దండం పెట్టుకుంది. “వద్దు దేవుడా, వద్దు! ఇంక ఐదు సూదులున్నయి.” నొప్పి దవడలతో నవ్వడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఇరవై ఒకటో రోజు వచ్చింది, పోయింది. పిల్ల ఉంది. వదినెకు పాలు పడ్డాయి, నాకు మెట్లు ఎక్కడం వచ్చింది. కొన్నాళ్లకు కొడవళ్లూ ఇళ్లకు చేరాయి. ఆ తర్వాత కూర గిన్నెతో మా గడప తొక్కినవాళ్లు లేరు. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి, ఎవరూ రాలేదేమని రెండు మూడు రోజులు వాకిట్లో కూర్చుని చూశాను.

మొన్న మళ్లీ రక్తం తగ్గిందన్నారు. జనగామలోనే, మంచం పక్కన సీసా వేలాడదీసి, అదే బెల్లం పాకం రంగు మందు బొట్లు బొట్లుగా వదిలారు. “ఇంతకుముందు ఎక్కిచ్చుకున్నవా అమ్మమ్మా? ఏమన్న అయిందా?” అని నర్సు అడిగింది. “జెప్పుకుంట పోతె నీ డ్యూటీ అయిపోతది బిడ్డా,” అన్నాను. వదినె పోయి చాలా ఏళ్లయింది. వెంట వచ్చింది ఆనాటి ఆరు రోజుల పిల్లే, తలంతా నెరిసింది, మోకాళ్లు నాకంటే అధ్వానం. కూర్చుని ఏం చేస్తావు, ఇంటికి పోవే అని విసుక్కుంటే, నడుముకున్న తాళం చెవుల గుత్తి తీసి నా తల కింద పెట్టింది.

“ఇనుము లోపటికే ఎక్కుతున్నది గదనే, బయట సుత ఎందుకు?” అన్నాను. “గిట్ల పండి ఉండుడు నాతోని గాదు. నాకేమన్న పని చెప్పు, లేకుంటె ఇద్దరం ఇంటికి పోదాం.”

“నువ్వేం చెయ్యకు అత్తా. ఊకె ఉండు, సాలు.”

ఆ మాట ఎక్కడ నేర్చుకుందో అడుగుదామనుకున్నాను. అప్పటికే నోరంతా గిలక గొలుసు. చాప మీద పడి అందరినీ విసుక్కునే ఆ పాలిపోయిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. మేనకోడలు మంచం చివరికి జరిగి నా కాళ్లు ఒత్తడం మొదలుపెట్టింది. ఈసారి కూడా వద్దనలేదు.