ఆరేసే చోటు

రంగులామె చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. ఎవరింటికైనా వెళ్తే వాటిని ఒళ్లో దాచుకుని కూర్చుంటుంది. ఆమె చేతి రంగయినా వదులుతుందేమో గానీ నోట్లోంచి మాట ఊడిపడదని ఆమె భర్త నలుగురిలో నవ్వుతూ అంటుంటాడు. ఆమె కూడా నవ్వుతుంది.

ఆ పని మేనత్త నేర్పింది. కాగుతున్న రంగునీళ్లలో గుడ్డ వేశాక కర్రతో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, మచ్చలు పడతాయి. పిండిన గుడ్డను వెంటనే గాలాడే నీడలో ఆరెయ్యాలి. ఎండ తగిలితే ఒక పక్క వెలిసిపోతుంది. అందుకే వీధి చివరి ఖాళీ జాగా ఆమెకు ప్రాణం. పాత గిడ్డంగి గోడ నీడ మధ్యాహ్నం దాటేదాకా అక్కడే పడుతుంది. మేనత్త పాతిన గుంజలకు తీగలు కట్టుకుని ఆమె ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. ఆ జాగా ఆమెది కాదు. అలాగని కాదన్నవాళ్లూ లేరు.

గిడ్డంగి వెనక బీడులో అపార్టుమెంట్లు లేస్తాయని తెలిసినప్పుడు వీధి వీధంతా డ్రిల్లు మాస్టారి వసారాలో చేరింది. అంత ఎత్తు కడితే ఇళ్లలోకి వెలుతురు రాదని ఒకరు, ఇప్పుడే సన్నగా వచ్చే కుళాయి అప్పుడు బొత్తిగా ఎండిపోతుందని ఒకరు వాపోయారు. అన్నిటికన్నా పెద్ద దిగులు దారి. వీధిని వెడల్పు చేసి లారీలు అటునుంచే తోలతారట. అదే జరిగితే ఇళ్ల ముందు మెట్లన్నీ పోతాయి. ముందు వరండాలో మిషను వేసుకున్న టైలరమ్మ కొట్టయితే సగానికి సగం పోతుంది.

టైలరమ్మ, రంగులామె ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఆమె కుట్టే బట్టలకు లోపలి గుడ్డ ఈమే రంగు కలిపి ఇస్తుంది. ఒకసారి తొందరలో ఎండలో ఆరేసి ఇచ్చిన గుడ్డను టైలరమ్మ వెనక్కి తెచ్చి, మెడ దగ్గర వెలిసిన చోటు వేలుపెట్టి చూపించింది. ఎండ సంగతి ఆమెకూ అంత బాగా తెలుసు.

మొర పెట్టుకోవడానికి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లిన రోజు రంగులామెను అందరికన్నా ముందు నిలబెట్టారు. డ్రిల్లు మాస్టారు ఒక్క మాటే అడిగాడు.

"మాట్లాడక్కర్లేదమ్మా, చేతులు చూపించు చాలు."

చూపించింది. అధికారి ఆ నీలి చేతులను, ఆమె ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. ఈమె బతుకు ఏమైపోవాలని వెనకనుంచి వీధి మొత్తం ఒక్క గొంతుతో అడిగింది. తిరిగి వచ్చేటప్పుడు టైలరమ్మ ఆ చేతినే గట్టిగా పట్టుకుని నడిచింది.

"నీ గుంజల మీద చెయ్యి వెయ్యాలంటే ముందు నన్ను దాటాలి వదినా," అంది.

ఆ రాత్రి ఆ మాట తలుచుకుంటూ రంగులామె చాలా రోజులకు హాయిగా నిద్రపోయింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున, టైలరమ్మకోసమే అద్దిన నీలి గుడ్డ బకెట్లో వేసుకుని ఆమె జాగాకు వెళ్లింది. గుంజల మధ్యనుంచి సున్నంతో తెల్లటి గీత పోతోంది. సర్వేయరు టేపు సాగదీసి అటు చివర నిలబడ్డాడు. ఇటు కొసను నేలకు అదిమిపట్టి కూర్చున్న మనిషి టైలరమ్మ.

పక్కనే ఉన్న డ్రిల్లు మాస్టారు ముఖం వెలిగిపోతోంది. అపార్టుమెంట్లవాళ్లు అంతస్తులు తగ్గిస్తామన్నారని, నీళ్లకు వేరే పైపు వేసుకుంటారని, వీధి జోలికి రారని గబగబా చెప్పాడు. దారి ఈ జాగాలోంచి తీసుకోవడానికి వీధివాళ్లే ఒప్పుకున్నారట. మాస్టారింట్లో కూర్చుని మాట్లాడుకున్నారట. ఆమెకు పని ఉంటుందని పిలవలేదట.

"అంతా నీ చలవేనమ్మా. ఆ రోజు నీ చేతులు చూశాకే వాళ్లు దిగొచ్చారు," అన్నాడు మాస్టారు. వెక్కిరింపు కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆమె టైలరమ్మ వైపు తిరిగింది. ఆ మనిషి తల ఎత్తలేదు.

"నా కొట్టు పోతే నేనేం కావాలి వదినా? నువ్వు మా మేడ మీద ఆరేసుకో. తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో."

"మేడ మీద ఎండ," అంది రంగులామె.

టైలరమ్మ టేపు మీది అంకెలు చూస్తూ ఉండిపోయింది.

బకెట్లో గుడ్డ ముద్దగా పడి ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే మడతల్లో చారలు తేలతాయి. అలవాటుకొద్దీ రంగులామె చెయ్యి గుడ్డ కొస అందుకుంది. అందుకుని వదిలేసింది. బకెట్ తీసుకెళ్లి టైలరమ్మ మోకాలి పక్కన పెట్టింది.

"ఇది నీదే. తీసుకెళ్లి మేడ మీద ఆరేసుకో."

అని గుంజల దగ్గరికి వెళ్లి తీగలు విప్పడం మొదలుపెట్టింది. ముళ్లు బిగుసుకుపోయి గోళ్లకు లొంగడం లేదు. వెనకనుంచి టైలరమ్మ, "వదినా, ఒక్క మాట విను," అంటూ లేవబోయినట్టుంది. అంతలోనే సర్వేయరు కేక వినిపించింది.

"టేపు వదలొద్దమ్మా, మళ్లీ మొదట్నుంచీ కొలవాలి."

తర్వాత టైలరమ్మ గొంతు వినిపించలేదు. అడుగుల చప్పుడూ లేదు. రంగులామె మొదటి ముడిని పళ్లతో లాగి వదులు చేసి, రెండో గుంజ వైపు నడిచింది.