వసీతి బుబు తెరవని గొడుగు

మా లామి ఊళ్ళో వాన పడని వారం ఉండదు. చేతిలో గొడుగు పెట్టుకుని నిలువునా తడిసే మనిషి మాత్రం ఒక్కరే, వసీతి బుబు. బుబు అంటే అమ్మమ్మ. పసివాళ్ళ నుంచి పాస్టరుగారి దాకా వీధి మొత్తానికి ఆవిడ బుబుయే. ఆ నల్లగొడుగు ఎప్పుడూ తెరవదు. తెరిస్తే అందులో దాచిన మనీప్లాంట్ తీగముక్కలు రోడ్డున పడతాయి. అవన్నీ దొంగసొత్తు.

ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ తీగను మెచ్చుకునేది. టీ పెట్టడానికి ఇంటావిడ అటు తిరిగేలోగా గోటితో ఒక కణుపు గిల్లి గొడుగులో వేసేది. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చునే, చెయ్యి వెనక్కి చాచి కిటికీలో తీగ గిల్లిందట. పాస్టరుగారు ఒక ఆదివారం దొంగతనం గురించి గంటసేపు ప్రసంగించి ఇంటికెళ్తే, వరండాలో తీగకు కొస లేదు.

దొంగతనం కంటే వింత ఇంకొకటుంది. మా వాళ్ళలో అడిగితే లేదనే అలవాటు లేదు. ఉప్పు అడిగినా, చాప అడిగినా, పడవ అడిగినా ఇచ్చేసి, తర్వాత లోపలికెళ్ళి గొణుక్కుంటాం. నోరు తెరిస్తే దొరికేదాన్ని దొంగిలించడం దేనికి? అడిగిన వాళ్ళకి బుబు బోసినవ్వు నవ్వి, దొంగిలించిన తీగే బతుకుతుందనేది.

నేను చదువు కోసం లిటియా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. కంచెకు అవతలి ఇల్లే బుబుది. సైరుసి బాబాయి ఎడారి దేశంలో శాంతిదళంలో పనిచేస్తున్నాడు. కాలం చేసిన ఆయన తల్లి ఇల్లు తుఫానుకు కొట్టుకుపోయినప్పుడు మిగిలింది పాలడబ్బాలో ఒక్క మనీప్లాంటే. వెళ్ళేముందు దాన్ని వరండాలో వేలాడదీసి, పిన్నికి అప్పగించి వెళ్ళాడు. ఆదివారం ఫోను చేస్తే పిన్ని ఆరోగ్యం కంటే ముందు అడిగేది అదే.

"అమ్మ తీగ ఎందాకా వచ్చింది?"

పిన్నికి బుబు గొడుగంటే హడలు. డబ్బాను తీసుకెళ్ళి, కిటికీ లేని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. పాపం చీకట్లో ఉందని రోజూ చెంబుడు నీళ్ళు పోసింది. ఆకులు పసుపుపచ్చబడితే రెండో చెంబు. ఒకనాడు తీగను పట్టుకుంటే, మొదలు మాగిన అరటిపండులా మెత్తగా చేతిలోకి వచ్చేసింది.

ఆ ఆదివారం బాబాయికి తీగ కిటికీ దాటిందని చెప్పింది పిన్ని. తర్వాతి ఆదివారం వంటింటి గుమ్మం చేరింది. ఆ పైవారం వరండా చివరి స్తంభం దాకా పాకింది. ఇంట్లో సిగ్నలు అందదు కాబట్టి అబద్ధాలన్నీ కంచె పక్కన నిలబడి, గొంతెత్తి చెప్పాల్సి వచ్చేది. డబ్బాలో మాత్రం తడిమట్టీ, నాలుగు పురుగులూ.

అంతలో బాబాయి శనివారం వస్తున్నానన్నాడు. పిన్నికి అన్నం సహించలేదు. సంతలో కొనుక్కొద్దామన్నాను.

"ఆయన దగ్గర వాళ్ళమ్మ ఫొటో కూడా లేదే. ఎవరి తీగనో తెచ్చి, ఇదే మీ అమ్మ తీగ అని చూపించనా?" అంది.

శనివారం పొద్దున కుండపోత. పిన్ని ఖాళీ డబ్బా ముందు కూర్చుని, విమానం దిగి ఉంటాడు, టాక్సీ ఎక్కి ఉంటాడు అని లెక్క కడుతోంది. గేటు చప్పుడైంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

వసీతి బుబు. గొడుగు తెరిచి ఉంది.

గొడుగు కింద మాత్రం బుబు లేదు. ఆవిడ వానలో తడుస్తోంది. భుజం మీద చుట్టలు చుట్టి, వేళ్ళకు గోనెగుడ్డ కట్టిన మనీప్లాంట్ తీగకు గొడుగు పడుతోంది.

"ఆ డబ్బా ఇటియ్యి" అంది. "ఇది మీ అత్తదే. సైరుసి వేలాడదీసిన రోజే గిల్లుకుపోయాను. గిల్లి నాటినంత మాత్రాన వేరే తీగ అయిపోదు."

నన్ను మేకులూ దారమూ తెమ్మని తన ఇంటికి పంపింది. లోపల దూలాలకు వరసగా డబ్బాలు, పెరట్లో సీమపనస చెట్టు నిండా కంచాలంత ఆకులతో ఎగబాకిన తీగలు. తెల్లచారల తీగ పాస్టరుగారిది, నిమ్మరంగుది డాక్టరుది. వీధి వీధంతా అక్కడ రెండోసారి బతుకుతోంది.

తిరిగొచ్చి, మరి అడిగి తీసుకోవచ్చుగా అన్నాను.

"అడిగితే, మీది చచ్చిపోతుందేమో, ఒక ముక్క నా దగ్గర దాస్తానని మొహమ్మీద అన్నట్టు కాదూ?" అంది బుబు, నోట్లో మేకుతో. తర్వాత పిన్ని వైపు తిరిగింది. "నువ్వు ఫోనులో చెప్పినంత పొడవూ పెంచుకుంటూ వచ్చాను. చివరి వారం మరీ దూరం పోయావు లిటియా. కాస్త నెమ్మదిగా అబద్ధమాడాల్సింది."

డబ్బాలో నాటి మేకులకు కడుతూ పోతే తీగ కిటికీ దాటింది, వంటింటి గుమ్మం దాటింది, చివరి స్తంభానికి జానెడు దూరంలో ఆగిపోయింది. బుబు సర్ది లాగుతుండగానే టాక్సీ వచ్చింది.

బాబాయి సంచి కింద పెట్టలేదు. డబ్బా దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఆకునూ వేలితో తాకుతూ నడిచాడు. కొస దగ్గర ఆయన ఆగాడు.

"స్తంభం దాకా వచ్చిందన్నావుగా?"

పిన్ని బుబు వైపు చూసింది. బుబు గొంతు సవరించుకుంది.

"ఆ కొస నిన్న నేనే గిల్లాను నాయనా. పాడు అలవాటు."

బాబాయి ఆవిణ్ణి చూశాడు, గొడుగును చూశాడు, పగలబడి నవ్వాడు. పిన్ని కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. టీ పెట్టడానికి లోపలికి పరిగెత్తింది.

టీ తాగి బుబు వానలో తడుస్తూ వెళ్ళిపోయింది. గొడుగు మళ్ళీ మూసే ఉంది. అనుమానం వచ్చి తీగ చూశాను. స్తంభానికీ కొసకూ మధ్య ఖాళీ ఇప్పుడు జానెడు మీద ఒక కణుపు.