ఎడమ మణికట్టు మీద నురగ

కాలేజీలో అతన్ని అందరూ దొరబాబు అనేవారు. చొక్కా నలగదు, జుట్టు చెదరదు. నాన్నగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మాత్రం కాసేపు నీళ్లు నమిలి, వ్యాపారం అనేవాడు. ఆ వ్యాపారమల్లా ఒక కుర్చీ, ఒక అద్దం, రెండు కత్తెరలు. చెదరని ఆ జుట్టు కుదిరిందీ ఆ కుర్చీలోనే. తండ్రి స్కూటర్ మీద దింపడానికి వస్తే కాలేజీకి ఇవతలి మలుపులోనే దిగిపోయేవాడు. గడ్డాలు గీసేవాడి కొడుకని తెలిస్తే ఈ దొరతనం కాస్తా గాల్లో కలిసిపోతుందని అతని భయం.

ఆ ఏడాది సేవా కార్యక్రమమని కాలేజీవాళ్లు ఆదివారాలు వృద్ధాశ్రమానికి పంపారు. దొరబాబు మొక్కుబడిగా వెళ్లి, తుడిచిన గదినే మళ్లీ తుడుస్తూ పొద్దుపుచ్చేవాడు.

ఒక ఆదివారం వరండా చివరి మంచం మీది ముసలాయన, ఒకప్పటి బస్సు డ్రైవరు, మాసిన గడ్డం తడుముకుంటూ ఒకటే కంగారు పడుతున్నాడు. మధ్యాహ్నం కూతురు వస్తోంది. రావలసిన సెలూన్ మనిషి రాలేదు. తను గీసుకుందామంటే చేతులు వణుకుతాయి. పాపం అనుకుని, గొంతును బట్టి లౌడ్‌స్పీకర్ అని పేరు పడ్డ తోటి విద్యార్థి రేజర్ అందుకున్నాడు. మొదటి గీతకే ముసలాయన దవడ మీద ఎర్రటి చుక్క తేలింది.

దొరబాబు చూస్తూ ఉండలేకపోయాడు. చీపురు పడేసి, చేతులు కడుక్కుని, రేజర్ లాక్కున్నాడు. బొటనవేలితో చర్మం లాగిపట్టి గీస్తూ, రేజర్‌కు అంటిన నురగను అలవాటు కొద్దీ తన ఎడమ మణికట్టు మీద తుడిచాడు. పక్కనే నీళ్ల మగ్గు ఉన్న సంగతి కూడా గుర్తు లేదు.

ముసలాయన ఆ మణికట్టు వైపు చూశాడు. "ఇది చెయ్యి తిరిగినవాళ్ల పద్ధతి. ఎవరు నేర్పారు బాబూ?"

వరండా అంతా ఇటే చూస్తోంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గొంతు తన చేతికి అప్పగించి నిశ్చింతగా కూర్చున్న మనిషితో అది చెప్పబుద్ధి కాలేదు.

"మా నాన్న. ఆయనకు సెలూన్ ఉంది."

చెప్పాక తలెత్తే ధైర్యం చాలలేదు. లౌడ్‌స్పీకర్ ఎగుడుదిగుడు క్రాపుతో ఉన్న తన తల తడుముకుని, "ఇంట్లో అంత పనిమంతుణ్ణి పెట్టుకుని, నన్ను ఈ బుర్రతో ఊరంతా తిరగనిచ్చావేంట్రా?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ముసలాయన కూడా నవ్వబోతే, కదలొద్దు తాతా అని దొరబాబు గదమాయించాడు. గుండె మీది బండ దిగిపోయింది. ఇన్నేళ్లు మోసింది ఇంతేనా అని హాయిగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. మధ్యాహ్నం కూతురొచ్చి నున్నటి చెంప నిమిరి, నాన్న మళ్లీ డ్యూటీలో చేరేలా ఉన్నాడంది.

మరుసటి ఆదివారం దొరబాబు తండ్రిని రమ్మన్నాడు. కత్తెరల సంచీ తగిలించుకుని ఆయన స్కూటర్ నడిపాడు. ఆశ్రమానికి ఇవతలి మలుపు రాగానే బండి ఆపేశాడు.

"దిగరా. నువ్వు ముందు వెళ్లు, నేను కాసేపాగి వస్తాలే. నీతో వచ్చినట్టు ఉండదు."

ఆయనకు ఇన్నాళ్లూ తెలుసన్నమాట. దొరబాబు దిగలేదు. తండ్రి భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"గేటు లోపలిదాకా పోనీ నాన్నా. మా వాళ్లంతా నీకోసమే వరసగా కూర్చున్నారు."

తండ్రి వెంటనే బండి కదపలేదు. ఓసారి కళ్లు తుడుచుకుని, అప్పుడు కదిపాడు.